చెయ్యెత్తడం కూడా ప్రాక్టీసే

మండల స్థాయి స్కూల్ గేమ్స్. హైస్కూలు గ్రౌండులో సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు, చుట్టూ తాడు, తాడు బయట నాలుగు ఊళ్ల పిల్లలు. ఆడపిల్లల సెమీఫైనల్ జరుగుతోంది. కూతకొచ్చిన అమ్మాయి వెనక్కి మళ్లుతూ ఒక్కసారి కాలు విసిరింది. మూల నిలబడ్డ సన్నటి పిల్లకు అది తగిలిందో లేదో రిఫరీకి తెలియలేదు. గీత దగ్గరున్న మాస్టారు అటు చూడటమే లేదు. ఆ పిల్ల మాత్రం చెయ్యెత్తి, తల వంచుకుని కోర్టు బయటికి నడిచింది.

"ఏమే, పిచ్చా నీకు? సార్ ఔటివ్వలేదు కదా!" కెప్టెన్ అరిచింది.

"తగిలిందే," అంది ఆ పిల్ల. వెళ్లి బయట కూర్చుంది.

ఆ మ్యాచ్ వాళ్లే గెలిచారని రాస్తే కథ చక్కగా కుదిరేది. ఓడిపోయారు.

ఆ వయసులో నేనైతే చెయ్యెత్తలేదు. ఎనిమిదో తరగతిలో వాలీబాల్ ఆడుతూ నెట్ దగ్గర బ్లాక్‌కు లేచాను. అవతలివాడు కొట్టిన బంతి నా చిటికెన వేలి చివర రాసుకుంటూ పోయి గీత అవతల పడింది. ఔట్ అన్నారు. పాయింటు మాకు వచ్చింది. కొట్టినవాడు నా వేలి వంక చూశాడు, నేను ఆకాశం వంక చూశాను. ఆ రోజు మేం గెలిచాం. తలా ఒక స్టీలు గ్లాసు ఇచ్చారు. మా అమ్మ దాన్ని మజ్జిగకు కేటాయించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో మజ్జిగ కాస్త పుల్లగానే ఉండేది, నాకొక్కడికే.

ఆ పిల్ల మంచిది, నేను చెడ్డవాణ్ణి అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మా పీఈటీ సార్ నాతో రోజుకు యాభై సర్వీసులు చేయించేవారు. బ్లాక్‌కు లేవడం, బంతి కింద పడకుండా డైవ్ చేయడం అన్నీ నేర్పారు. 'తగిలింది సార్' అని చెప్పడం ఒక్కరోజూ ప్రాక్టీసు చేయించలేదు. మ్యాచ్‌లో చెయ్యి తనంతట తాను చేసేది రోజూ చేసిందే. క్రీడాస్ఫూర్తిని మనం ప్రారంభోత్సవ ఉపన్యాసాల్లో వెతుక్కుంటున్నాం. అది ఉండాల్సింది సాయంత్రం నాలుగున్నర ప్రాక్టీసులో.

ఇంకో సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. వాలీబాల్ నియమావళిలోనే, తమ జట్టు తప్పును కప్పిపుచ్చే పనులు ఆటగాళ్లు చేయకూడదని రాసి ఉంది. అంటే నేను ఆకాశం వంక చూడటం కూడా ఫౌలే, విజిల్ మోగని ఫౌలు. అంతర్జాతీయ వాలీబాల్‌లో ఈ మధ్య పచ్చ కార్డు ఒకటి తెచ్చారు. బంతి తనకు తగిలిందని తనంతట తానే ఒప్పుకున్న ఆటగాడికి దాన్ని చూపిస్తారు. తప్పు చేస్తే చూపించే కార్డులే తెలిసిన మనకు ఇది కొంచెం వింతగా ఉంటుంది. మన స్కూళ్లలో పచ్చ అట్టముక్క కత్తిరించుకోవడానికి ఏ నిధులూ మంజూరు కానక్కర్లేదు.

సార్ ఇవ్వలేదుగా!

వీధిలో ఆడుకునే పిల్లలకు రిఫరీ ఉండడు. వాళ్లకు ఉన్నది ఒకే ఒక్క చట్టం: తొండి చేయకూడదు. తొండాట ఆడేవాణ్ణి రేపు ఆటకు పిలవరు. అంతకు మించిన శిక్ష ఏ బోర్డూ వేయలేదు. అనుమానం వస్తే ఒట్టు పెట్టిస్తారు. ఒట్టు వేయడానికి తటపటాయించాడంటే ఔటైనట్టే. మరీ చిన్నవాడు ఏడుస్తూ వస్తే 'ఆటలో అరటిపండు' అని చేర్చుకుంటారు. వాడు ఔట్ కాడు, వాడి పరుగులు లెక్కకు రావు, కానీ ఆటలో ఉంటాడు. ఏ స్పోర్ట్స్ యూనివర్సిటీ చెప్పని పాఠాన్ని మన పిల్లలు ఐదు అక్షరాల పండులో చుట్టిపెట్టారు.

అదే పిల్లలు యూనిఫాం వేసుకుని స్కూలు గ్రౌండులోకి రాగానే తీరు మారిపోతుంది. ఎందుకంటే అక్కడ విజిల్ పట్టుకున్న మనిషి ఒకరుంటారు. మనస్సాక్షిని ఆయన చేతికిచ్చి మనం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాం. 'తగిలిందా?' అన్న ప్రశ్న పోయి 'సార్ చూశారా?' అన్న ప్రశ్న వస్తుంది. ఆ కెప్టెన్ అమ్మాయి అన్న మాటలో ఉన్నది అదే. స్కూలు ఆటల్లో అసలు జబ్బు దౌర్జన్యం కాదు, తగాదా కాదు. 'సార్ ఇవ్వలేదుగా' అన్న రెండు ముక్కలే.

పెద్దవాళ్ల ఆటలో ఈ జబ్బు అంటని మనిషిని ఒకరిని చెప్పుకోవాలి. 1980 ఫిబ్రవరి, బొంబాయి వాంఖడే స్టేడియం, భారత క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ టెస్టు. ఇంగ్లండ్ 58 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకుంది. ఇయాన్ బోథమ్‌కు తోడుగా వికెట్ కీపర్ బాబ్ టేలర్ వచ్చాడు. కపిల్ దేవ్ బౌలింగ్‌లో టేలర్ కీపర్‌కు క్యాచ్ ఇచ్చాడని అంపైర్ వేలెత్తాడు. స్లిప్‌లో ఉన్న మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్‌కు బంతి బ్యాటుకు తగల్లేదని నమ్మకం. అంపైర్‌తో మాట్లాడి టేలర్‌ను వెనక్కి పిలిపించాడు. ఆ టేలర్ 43 పరుగులు చేశాడు, బోథమ్ 114 కొట్టాడు, ఇద్దరూ కలిసి 171 జోడించారు. మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. విశ్వనాథ్ కెప్టెన్‌గా ఆడిన టెస్టులు రెండే రెండు. రెండోది ఇదే.

ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు ఓటమిని దాచిపెట్టకండి. 'నిజాయతీగా ఆడితే గెలుస్తావు' అని మనం చెబుతాం. వాడు నిజాయతీగా ఆడి ఓడి వస్తాడు. అప్పుడు వాడికి తొండి మీద కోపం రాదు, మన మీద వస్తుంది. ముందే చెప్పేద్దాం: చెయ్యెత్తితే ఒక పాయింటు పోతుంది. కొన్నిసార్లు మ్యాచే పోతుంది. అయినా ఎత్తాలి.

స్పెయిన్ పరుగు పందెం కథ మీ వాట్సాప్‌లోకి ఎన్నోసార్లు వచ్చి ఉంటుంది. 2012 డిసెంబరులో బుర్లాడా అనే చోట జరిగిన క్రాస్ కంట్రీ పందెంలో కెన్యా అథ్లెట్ అబెల్ ముతాయి గెలుపు గీత దాటేశాననుకుని ముందే వేగం తగ్గించాడు. వెనక వస్తున్న ఇవాన్ ఫెర్నాండెజ్ అతన్ని దాటిపోకుండా, ఇంకా ముందుకెళ్లమని సైగ చేసి తాను రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఇంతవరకూ నిజం. మన ఫోన్లకు వచ్చేసరికి దానికి అమ్మ గురించిన సంభాషణ ఒకటి అతికింది. నాకు నచ్చింది మాత్రం ఫార్వర్డ్ మెసేజ్‌లో ఉండని ముక్క. ఫెర్నాండెజ్ కోచ్ మార్టిన్ ఫిజ్ మారథాన్‌లో ప్రపంచ చాంపియన్. తానైతే ఆ పని చేసేవాణ్ణి కాదని, అవకాశం వాడుకుని గెలిచేవాణ్ణని ఆయన పత్రికలకు దాపరికం లేకుండా చెప్పాడు. గురువు వద్దనుకునే పనిని శిష్యుడు చేయగలిగాడు. మీ పీఈటీ సార్ ఏమంటారో అని ఎదురుచూసే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవచ్చు.

ఓడినవాడి పది నిమిషాలు

ఓడిన వెంటనే నవ్వాలని ఎవరూ రూలు పెట్టలేదు. ఏడుపొస్తే ఏడవండి. ఏడవడం క్రీడాస్ఫూర్తికి విరుద్ధమని పిల్లల్ని కసరే పెద్దలంటే నాకు ఒళ్లుమంట. కన్నీళ్లతో షేక్‌హ్యాండ్ ఇవ్వొచ్చు, తప్పేం లేదు. ఇవ్వకూడనిది చేతివేళ్ల చివర్లు తగిలించి తల పక్కకు తిప్పుకునే షేక్‌హ్యాండ్. ఎదుటివాడి కళ్లలోకి చూసి ఒక్క మాట చెప్పండి. అదీ 'కంగ్రాట్స్' లాంటి ఉత్తుత్తి మాట కాదు. 'నీ సర్వీసు ఒక్కటి కూడా తీయలేకపోయాం' అనండి. అది చెప్పాలంటే అతని ఆట మీరు చూసి ఉండాలి. చూసినవాడు వచ్చే ఏడాదికి ఆ సర్వీసు తీయడం నేర్చుకుంటాడు. మర్యాదలో ఇంత స్వార్థం ఉన్నా నష్టం లేదు.

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్ చూసినవాళ్లకు గుర్తుంటుంది. మన సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచింది, తర్వాతి రెండూ 12-21, 15-21తో పోయాయి. చివరి పాయింటు పడగానే కరొలినా మారిన్ కోర్టు మీద కూలబడి ఏడ్చేసింది. సింధు నెట్ దాటి వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకుంది. ఆ తర్వాత మారిన్ ఆనందంలో వదిలేసిన రాకెట్‌ను తీసి, ఆమె సామాన్ల దగ్గర పెట్టి వచ్చింది. కౌగిలింత కెమెరా ముందు ఎవరైనా చేస్తారు. ఆ రాకెట్ ఉంది చూశారూ, అది ఎవరూ నేర్పకుండా చేతికి రాదు.

ఇక 'రిఫరీ అమ్ముడుపోయాడు' దగ్గరికి వద్దాం. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత పుట్టినప్పుడు విజిల్ లేదు కాబట్టి మద్దెల దొరికింది. స్కూలు పోటీల్లో రిఫరీలు చాలావరకు పక్క ఊళ్ల పీఈటీలే. పొద్దుట ఎనిమిదింటికి గ్రౌండులోకి దిగి, ఎండలో నిలబడి, మధ్యాహ్నం పులిహోర పొట్లం నిలబడే తిని, మళ్లీ విజిల్ నోట్లో పెట్టుకున్నవాళ్లు. తప్పులు జరుగుతాయి. ఆతిథ్య స్కూలు మీద పక్షపాతం కూడా ఒక్కోసారి ఉంటుంది, లేదని నేననను. అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే. కెప్టెన్ ఒక్కరే వెళ్లి, ఒక్కసారే, 'సార్, అది ఎందుకు ఇచ్చారో చెప్తారా?' అని అడగాలి. మిగతా ఆరుగురూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి. ఫిర్యాదు ఉంటే మ్యాచ్ అయ్యాక మాస్టారు కాగితం మీద రాసిస్తారు. మధ్యలో జట్టును బయటికి లాక్కెళ్లిపోయే మాస్టార్లు కొందరుంటారు. వాళ్ల పౌరుషం నిలుస్తుంది, పిల్లల ఏడాది పోతుంది.

గెలిచినవాళ్లకు ఒక్క మాట చాలు. కూతకు వెళ్లే ముందు తొడ కొట్టండి, అది మన ఆటలో అందం. ఔటై బయటికి నడిచే పిల్లాడి మొహం మీద కొట్టకండి. ఈ రెండింటికీ తేడా టీవీలో కబడ్డీ లీగులు చూసే పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి.

పుట్టిన తేదీ అనే తొండి

పిల్లల తొండి గురించి ఇంత మాట్లాడి పెద్దల తొండి వదిలేస్తే అన్యాయం. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలుంటాయి. పదహారేళ్ల కుర్రాడు మీసం గీయించుకుని పద్నాలుగేళ్ల జట్టులో దిగడం గ్రౌండు చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. ఎవరూ నోరెత్తరు. ఎందుకంటే అవతలి జట్టులోనూ ఒకడుంటాడు. అందుకే పెద్ద స్థాయి పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల పెరుగుదలను బట్టి వయసు అంచనా వేసే పరీక్షలు వచ్చాయి. రాహుల్ ద్రావిడ్ 2015లో పటౌడీ స్మారకోపన్యాసం ఇచ్చే అవకాశం వస్తే, కవర్ డ్రైవుల గురించి కాకుండా ఈ వయసు మోసం గురించి గట్టిగా మాట్లాడాడు.

ఈ తొండిలో ఇద్దరు పిల్లలు నష్టపోతారు. అసలు వయసుతో ఆడి, తనకంటే జానెడు పొడుగున్నవాడి చేతిలో ఓడి, 'నాకు ఆట రాదు' అనుకుని మానేసే పిల్లాడు ఒకడు. వాణ్ణి మనకు చూపించడానికి ఏ పేపర్లోనూ ఫొటో ఉండదు. రెండోవాడు దొంగ వయసుతో గెలిచినవాడు. అధికారి ముందు నిలబడి పుట్టిన తేదీ అప్పజెప్పడం వాడికి నాన్న, మాస్టారు కలిసి ప్రాక్టీసు చేయిస్తారు. చూశారా, మనకు ప్రాక్టీసు విలువ తెలియక కాదు.

తాడుకు ఇవతల

ఆటగాళ్లు ఏడుగురో పదకొండుమందో. చూసేవాళ్లు నాలుగొందలు. గ్రౌండుకు గాలి అటు నుంచే వస్తుంది.

1999 జనవరి 31, చెన్నై చెపాక్. పాకిస్తాన్ జట్టు పన్నెండేళ్ల తర్వాత టెస్టులాడటానికి మన దేశం వచ్చింది. గెలుపుకు 271 కావాలి. నడుం నొప్పితో సచిన్ 136 కొట్టి, 254 దగ్గర ఔటయ్యాడు. మిగిలిన వికెట్లు నాలుగు పరుగుల్లో కూలిపోయాయి. పన్నెండు పరుగుల తేడాతో ఓటమి. స్టేడియం కొన్ని క్షణాలు మూగబోయింది. తర్వాత జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వసీం అక్రమ్ జట్టు ఆ చప్పట్ల మధ్య మైదానం చుట్టూ తిరిగింది. మూడు వారాలైనా కాకముందే, ఫిబ్రవరిలో, అవే రెండు జట్లు కోల్‌కతాలో ఆడాయి. సచిన్ రనౌట్ మీద గొడవ రేగింది. చివరి రోజు పోలీసులు ప్రేక్షకుల్ని బయటికి పంపేశారు, ఖాళీ కుర్చీల ముందు పాకిస్తాన్ గెలిచింది. ఆ కోల్‌కతా ఆటను మెచ్చుకోవడం తెలియని ఊరేం కాదు. జనంలో ఏ గొంతు ముందు లేస్తే మిగతా గొంతులు దాని వెంట పోతాయి, అంతే తేడా. స్కూలు గ్రౌండులో ఆ మొదటి గొంతు మీదే కావచ్చు.

మాట దెబ్బ ఎలా ఉంటుందో మన హైదరాబాద్ సిరాజ్‌ను అడగాలి. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే జనంలోంచి బూతులొచ్చాయి. అంతకు రెండు నెలల ముందే తండ్రి పోయారు, పర్యటనలో ఉండి చివరిచూపుకు కూడా వెళ్లలేదు. అతను తిరిగి తిట్టలేదు. కెప్టెన్‌కూ అంపైర్లకూ చెప్పాడు, ఆట ఆగింది, కొందరు ప్రేక్షకులను బయటికి పంపారు. తర్వాతి టెస్టులో బ్రిస్బేన్‌లో రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. మనం సిడ్నీ జనాన్ని తిట్టుకున్నాం, సరే. మన హైస్కూలు తాడు బయట నిలబడి నల్లపిల్లాడా, బండోడా అని అరిచేవాళ్లు ఏ దేశంవాళ్లు? కులం పేరుతో, హాస్టల్ పేరుతో వెక్కిరించేవాళ్లు?

అన్నిటికంటే ఘోరం ఆడపిల్లల కబడ్డీ దగ్గర చూస్తాం. నిక్కరు వేసుకుని కోర్టులోకి దిగాలంటే ఆ పిల్ల అప్పటికే ఇంట్లో ఒక మ్యాచ్ గెలిచి వచ్చి ఉంటుంది. నాన్నను ఒప్పించి, నానమ్మను దాటించి వచ్చి ఉంటుంది. ఆమె పట్టు ఎలా పట్టిందో చూడకుండా బట్టల మీద ఈలవేసే మగపిల్లల గుంపు ప్రతి గ్రౌండులోనూ ఉంటుంది. ఆ గుంపు వల్ల మరుసటి ఏడాది ఆటకు రాని అమ్మాయిల లెక్క ఎవరూ రాయరు. నాకు తెలిసిన ఒక పీఈటీ మేడమ్ దీనికి మంచి మందు కనిపెట్టారు. ఈలవేసేవాళ్లలో పెద్దవాళ్లను నలుగురిని పిలిచి, ఒకడికి స్కోరుబోర్డు, ఒకడికి నీళ్ల క్యాను, ఇద్దరికి తాడు అప్పజెప్పారు. అరగంటలో వాళ్లే మిగతావాళ్లను 'ఏయ్, గీత దాటొద్దు, నోరు ముయ్' అని అదిలించడం మొదలుపెట్టారు. పనిలేనివాడే ప్రేక్షకుల్లో ప్రమాదకారి.

తల్లిదండ్రులకు, మేనమామలకు, అంటే నాకు కూడా, చెప్పాల్సింది ఒకటుంది. తాడు దగ్గర నిలబడి 'ముందుకు రా, వెనక్కి పో, కాలు పట్టుకో' అని అరవకండి. లోపల పిల్లాడికి ఒక కోచ్ ఉన్నాడు. ఇద్దరి అరుపుల మధ్య వాడు బంతిని చూడటం మానేసి మిమ్మల్ని చూస్తాడు. మా మేనల్లుడు ఓడిన రోజు బండి మీద వెనక్కి తీసుకొస్తూ నేను నాలుగు కిలోమీటర్లు నోరు కట్టేసుకున్నాను. నా జీవితంలో చాలా కష్టపడి చేసిన పనుల్లో అదొకటి. చెరుకురసం బండి దగ్గర ఆగాం. సగం గ్లాసు తాగాక వాడే అన్నాడు, "మామయ్యా, మూడో సెట్లో ఆ సర్వీసు నేను నెట్‌కు కొట్టకుండా ఉండాల్సింది." ఊఁ కొట్టాను. మిగతా విశ్లేషణంతా వాడే చేసుకున్నాడు, నేను చేసేదానికంటే బాగా.

విజిల్ జేబులో

ఇప్పుడు ప్రాక్టీసు సంగతి. ఒక మిత్రుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో పీడీ. వారానికి నాలుగు రోజులు చివరి ఇరవై నిమిషాల ఆటలో విజిల్ తీసి జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. రిఫరీ లేడు, లైన్ మీద ఎవరూ లేరు. తగిలినవాడే చెప్పాలి. గీత దగ్గర పడిన బంతి లోపలో బయటో దగ్గరున్నవాడే చెప్పాలి. తేలకపోతే ఆ పాయింటు మళ్లీ ఆడాలి.

మొదటి రోజు ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు వాదనే. రెండో రోజు ఒకడు చొక్కా చింపుకున్నాడు. తోటి ఉపాధ్యాయులు స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూసి నవ్వారు. మూడో రోజు చాలా పాయింట్లు మళ్లీ ఆడారు, పిల్లలకు విసుగు పుట్టింది. విసుగు మంచి మాస్టారు. మళ్లీ మళ్లీ ఆడటం కంటే ఒప్పుకోవడమే తేలికని వాళ్లకే తోచింది.

నాలుగో రోజు నేనూ అక్కడున్నాను. తొమ్మిదో తరగతి కుర్రాడు బ్లాక్‌కు లేచాడు. బంతి వెళ్లి వేపచెట్టు మొదట్లో పడింది. అవతలి జట్టువాళ్లు బయటే పోయిందనుకుని నిట్టూర్చి సర్దుకుంటున్నారు. వాడు కిందికి దిగి, ఒక్క క్షణం చూపుడు వేలు చూసుకుని, చెయ్యెత్తాడు.

"తగిలింది సార్!"

సార్ అక్కడ లేడు. టీ తాగడానికి వెళ్లాడు.